సందుల్లోకి ఇంకకముందే

నేల తుడవడానికి సుకన్యకు ఒక పద్ధతి ఉంది. ముందు మెత్తటి చీపురుతో దుమ్ము తీయాలి, ఇసుక రవ్వ మిగిలితే గీత పడుతుంది. తర్వాత గుడ్డను తడిపి, చుక్క కారకుండా పిండి, పలకల వాటంలోనే తుడవాలి. ఆ వెనకాలే పొడిగుడ్డ. బకెట్టుతో నీళ్ళు కుమ్మరించి కడగడం ఆ ఇంట్లో లేదు. చెక్కలాంటి లామినేట్ పలకలు పరిచిన మనిషి పోతూ పోతూ, "పైన పడింది తుడుచుకుంటే పోతాదమ్మా. సందుల్లోకి పోయిందంటే మాత్రం ఉబ్బుతాది, మళ్ళా అణగదు" అని చెప్పిపోయాడు.

హిందూపురంలో ఆ వీధి మొత్తానికి అట్లాంటి నేల ఆ ఒక్క ఇంట్లోనే. బండల చలికి అత్త తిప్పమ్మ మోకాళ్ళు పట్టేస్తున్నాయని సుకన్యే మొగుడితో వాదించి వేయించింది. అది వేసిన ఏడాదే తిప్పమ్మకు మరుపు మొదలైంది.

తిప్పమ్మ ఏదైనా మర్చిపోతే ఆమె పాదాల దగ్గర నీళ్ళు పడేవి. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టిందో మరిస్తే చెంచాడు. తెలిసినవాళ్ళ పేరు మరిస్తే దోసెడు. పక్కింటి మారక్క చూసి, "మా మామకూ ఇంతేనమ్మా. ఆయనవి ఉప్పునీళ్ళు, నీవే మేలు" అంది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, జారిపడకుండా చూసుకోమన్నాడు.

ఆ నీళ్ళు సందుల్లోకి ఇంకకముందే తుడిచేస్తే మరిచింది తిరిగొచ్చేది.

"కదలొద్దత్తా, ఆడనే ఉండు!" అని గుడ్డతో పరుగెత్తుకొచ్చేది సుకన్య. "ఏం మర్చిపోతివి?"

"తెలిస్తే అది మరుపెట్లయితాది పాపా?"

సుకన్య తుడిచేది. తిప్పమ్మ కళ్ళు మిటకరించేది. "ఆఁ... చెనిక్కాయల పొడిలో తెల్లగడ్డలు వెయ్యలేదు నేను."

ఇంకిపోతే పలక ఉబ్బేది. మరిచింది ఇక రాదు. వంటింటి గుమ్మం దగ్గర ఒక పలక అట్లాగే ఉబ్బింది. అటు పోయినప్పుడల్లా తిప్పమ్మ ఆ ఉబ్బును బొటనవేలితో తడిమేది. కింద ఏముందో ఆమెకు తెలీదు. పెద్దదే అయుంటుంది. అడగాలంటే భయం.

సుకన్య పొద్దంతా బడిలో పిల్లలతో అరిచి ఇంటికొచ్చేది. వచ్చీ రాగానే గుడ్డ పట్టుకుని మోకాళ్ళ మీద కూచునేది. ఎప్పుడైనా, "ఇంకొంచేపు గుర్తు పెట్టుకోకూడదా అత్తా?" అని నోరు జారి, తర్వాత తనే నొచ్చుకునేది.

ఆ ఊళ్ళో కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేరు. అందుకే అందరూ కొళాయి తిప్పి, కింద బిందె పెట్టి, చప్పుడు కోసం చెవి ఒగ్గి పనులు చేసుకుంటారు. ఆ శుక్రవారం తిప్పమ్మ కూడా అట్లాగే బిందె పెట్టి కూచుంది. నీళ్ళు వచ్చాయి. ఆ చప్పుడేమిటో ఆమెకు గుర్తు రాలేదు. వాన అనుకుని సంతోషపడింది.

సుకన్య వచ్చేసరికి హాలంతా మునిగి ఉంది. మర్నాటికి పలకల అంచులన్నీ లేచాయి.

మొగుడు వెంకటేష్ ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పని ముగించుకుని రైల్లో వచ్చి, లేచిన అంచులు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మను పెనుకొండలో అక్క ఇంట్లో పెడదాం. ఆడంతా బండలే. ఎన్ని నీళ్ళు పడినా ఏం కాదు" అన్నాడు.

తిప్పమ్మ కోడలి వైపు చూసింది. "నువ్వూ పొమ్మంటావా పాపా?"

"ఇంక నా చేత కాదత్తా" అంది సుకన్య, గుడ్డ పిండుతూ.

పెనుకొండలో కూతురు ఈశ్వరి బాగానే చూసుకుంది. వేడి సంకటి పెట్టి, తలకు నూనె అంటి, చేనికి పోయేది. తిప్పమ్మ కాళ్ళ దగ్గర పడిన నీళ్ళు బండల మీద జారి మోరీలోకి పోయేవి. గుమ్మం దాటితే గొర్రెపిల్లలు నాకేవి. బండకేం కాదు గనక ఎవరూ పరుగెత్తుకురాలేదు. ఏం మర్చిపోతివని ఎవరూ అడగలేదు. మొదట్లో తిప్పమ్మకు హాయిగానే అనిపించింది. ఒళ్ళు రోజురోజుకూ తేలికవుతూ వచ్చింది. ఆ తేలికే తర్వాత భయం పుట్టించింది. ఆ భయం ఎందుకో కూడా మరిచిపోయింది.

ఒక ఆదివారం సుకన్య బస్సు దిగి వచ్చింది, ఇంట్లో ఉండిపోయిన మాత్రలు ఇచ్చిపోదామని.

అరుగు మీద కూచున్న తిప్పమ్మ తలెత్తి చూసింది. "ఎవురమ్మా నువ్వు? ఈశ్వరి చేనికి పోయింది."

అంటుండగానే ఆమె పాదాల కింద నుంచి బిందె బోర్లా పడినట్టు నీళ్ళు దూకాయి. బండల మీద పరుచుకుని మోరీ వైపు పరుగెత్తాయి.

సుకన్య ఒక్క క్షణం నిలబడిపోయింది. చేతిలో గుడ్డ లేదు. సంచి అక్కడే పడేసి, మోకాళ్ళ మీద పడి, కొంగు అడ్డం వేసింది. పీల్చింది, పిండకుండానే మళ్ళా పీల్చింది. మోరీ అంచుకు చేరిన పాయను మోచెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చీరంతా తడిసి ముద్దయింది.

తిప్పమ్మ ఆ వంగిన తలను, పాపిట్లో నెరిసిన వెంట్రుకలను చూస్తూ ఉంది. చివరి తడి ఆరింది.

"సుకన్యా! మంచి చీరతో తుడుస్తాండావేమే, పిచ్చిదానా!"

సుకన్య అట్లాగే కూచుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత లేచింది. "బట్టలు సర్దుకో అత్తా. పోదాం."

"నేల పాడయితాది పాపా."

"అయితాది" అంది సుకన్య. "పాడయితాదనే కదా కనిపెట్టుకునుండేది. ఈడ నువ్వు కారిపోతాండావు, ఎవురికీ తెలీలేదు."

సాయంత్రం హిందూపురం బస్సులో తిప్పమ్మ కాళ్ళ కింద తువ్వాలు పరిచింది సుకన్య. పక్క సీటాయన తన సంచి పైకి తీసి పెట్టుకున్నాడు.

ఇంట్లో అంచులు లేచిన పలకల మీద మెల్లగా అడుగులేస్తూ తిప్పమ్మ వంటింటి గుమ్మం దాకా పోయింది. ఉబ్బును బొటనవేలితో తడిమింది. అన్నాళ్ళూ అడగనిది అప్పుడు అడిగింది.

"దీని కింద ఏముండాది పాపా?"

"మీ అమ్మ పేరత్తా. ఆ రోజు నేను బడి నుంచి రావడం ఆలస్యమయ్యింది." సుకన్య గోడకు ఆనుకుంది. "కుళ్ళాయమ్మ."

తిప్పమ్మ ఆ పేరును లోలోపల రెండు మూడుసార్లు అనుకుంది. ఎక్కడా తగల్లేదు. అయినా బాగుంది.

"మంచి పేరు" అంది. "రేపు కూడా చెప్పు."

"చెప్తాలే" అంది సుకన్య, పొడిగుడ్డ ఎక్కడుందా అని చుట్టూ చూస్తూ.