ప్లీడ్ గిల్టీ: సొంతవాక్యంలో ప్రయోగించుము

రొయ్యల కుంభకోణం బయటపడ్డ వారం గురునాథరావు మాస్టారికి పండగే అయింది. సీతమ్మధారలో ఒక డాబా మీద ఆయన ఇంగ్లీషు ఇనిస్టిట్యూట్ నడిపేవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఇవాళో రేపో గుమాస్తా ఉద్యోగాలు పడతాయని, పదో తరగతి గట్టెక్కిన ప్రతివాళ్లూ ఇంగ్లీషు మీద పడ్డారు. మాస్టారికి పాఠ్యపుస్తకాలంటే గిట్టదు. ఇంగ్లీషు పేపరు తెచ్చి, అందులో ఏ గొడవ ఉంటే ఆ గొడవతోనే పాఠం చెప్పేవాడు. "భాషని బతికున్న చోట పట్టుకోవాలర్రా" అనేవాడు. బతికున్న మనుషుల సంగతి మాత్రం ఆయనకి తట్టేది కాదు.

ఆ వారం గొడవ ఇదీ. ఫిషింగ్ హార్బరు దగ్గర అచ్యుతరామయ్య అనే పెద్దమనిషికి రొయ్యలు ఫ్రీజు చేసే కంపెనీ ఉంది. అక్కణ్ణుంచి పైదేశానికి వెళ్లిన పెట్టెల్లో పైవరస మేలురకం రొయ్య, కిందంతా కుళ్లిన సరుకు. కొన్నవాళ్లు ఊరుకోలేదు, కేసు పెట్టారు. మొదటి ముద్దాయి అచ్యుతరామయ్య. రెండో ముద్దాయి, పెట్టెలు కట్టించే కన్నబాబు.

ఆడపిల్లల బెంచీల్లో చివర కూర్చునే నూకాలు ఆ కన్నబాబు చెల్లెలని క్లాసులో ఎవరికీ తెలియదు. జాలరిపేట అంటే ముక్కు మూసుకునే రకాలు అక్కడ చాలామందే ఉన్నారు. అందుకని హార్బరు దగ్గర మా ఇల్లు అని ఊరుకునేది. చదువు ఆపెయ్యమని ఇంట్లో అందరూ అన్నప్పుడు, "అది ఉక్కు ఫ్యాక్టరీలో కుర్సీలో కూకోవాల" అని పట్టుబట్టి చేర్పించింది కన్నబాబే.

మాస్టారు బోర్డు మీద వరసగా రాసుకుపోయాడు. టర్న్ ఎ బ్లైండ్ ఐ అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. స్కేప్‌గోట్ అంటే ఒకడు చేసిన పాపానికి ఇంకొకడు బలి కావడం. రెడ్ హ్యాండెడ్ అంటే తప్పు చేస్తూ చేస్తూ దొరికిపోవడం. "ఏదీ, సొంతవాక్యంలో ప్రయోగించండి" అన్నాడు.

ముందు వరసలో ఒకడు లేచి, "కన్నబాబు వాజ్ కాట్ రెడ్ హ్యాండెడ్" అన్నాడు.

"వెరీ గుడ్!" అన్నాడు మాస్టారు. క్లాసంతా నవ్వింది.

నూకాలుకి ఒళ్లు మండిపోయింది. ఏం దొరికాడని? కంచం ముందు కూర్చున్నవాణ్ణి లేపి తీసుకుపోయారు. సరుకు కంపు కొడుతోందని ఓనరుకి రెండుసార్లు చెప్పాడు. "పైన మంచివి పరిచెయ్, నోరు మూసుకో" అన్నది ఆ ఓనరే. అవేవీ పేపరువాడికి అక్కర్లేదు, వెరీ గుడ్ అన్న ఈ మాస్టారికీ అక్కర్లేదు.

పేపరులో అచ్యుతరామయ్య పేరు వచ్చిన ప్రతిచోటా పక్కన ఒక మాట ఉంది, అలెజ్డ్ అని. మాస్టారు దాన్నీ విడమరిచాడు. "నేరం రుజువయ్యేదాకా చేశాడని రాయకూడదు. చేశాడని అంటున్నారు అని రాయాలి. లేకపోతే పరువునష్టం దావా వేస్తారు."

నూకాలు లేచి నిలబడింది. "మరి కన్నబాబు పేరు పక్కన ఆ మాట లేదేటండీ?"

మాస్టారు పేపరు మళ్లీ చూసుకున్నాడు. నిజమే, లేదు. నవ్వేశాడు. "వాడు దావా వేస్తాడటమ్మా?"

మళ్లీ నవ్వులు. నూకాలు కూర్చుంది గానీ, ఆ నవ్వినవాళ్లందరినీ పట్టి ఒక్కొక్కణ్ణీ కుళ్లు రొయ్యల పెట్టెలో కుక్కాలనిపించింది.

ఆ రోజు ఆఖరి మాట ప్లీడ్ గిల్టీ. "ముద్దాయి జడ్జిగారి ముందు తప్పు నాదేనని ఒప్పేసుకోవడం. ఇక సాక్షుల్లేరు, విచారణ లేదు. నేరుగా శిక్షే. ఒకడు ఇలా మీదేసుకున్నాడంటే, మిగతావాళ్లు హాయిగా బయటపడిపోవచ్చు" అన్నాడు మాస్టారు, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ.

నూకాలు నోట్సు రాస్తున్నది ఆపేసింది. సోమవారం కోర్టులో వాళ్లన్న అనబోతున్న మాట సరిగ్గా అదే.

జాలరిపేటలో ఒక పద్ధతి ఉంది. సముద్రంలో రెండు పడవల వలలు చిక్కుపడి తగువొస్తే, కులపెద్దల ముందు చిన్నవాడు భుజం మీది తువ్వాలు తీసి పెద్దవాడి కాళ్ల ముందు వేసి, "తప్పు నాదే" అంటాడు. తప్పు ఎవరిదన్నది తర్వాత సంగతి, ముందు చిన్నవాడు అనాలి. అప్పుడు పెద్దవాడు వంగి, ఆ తువ్వాలు ఎత్తి, చిన్నవాడి భుజం మీద వేసి, "నాదీ ఉందిలేరా" అంటాడు. దాంతో తగువు సరి. ఎత్తకపోతే మాత్రం చిన్నవాడన్న మాట చెల్లదు. అయితే ఎత్తని పెద్దవాణ్ణి ఆ పేటలో ఎవరూ ఎరగరు.

నూకాలు ఇంటికొచ్చేసరికి, బెయిలు మీద బయటికొచ్చిన కన్నబాబు అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, సోమారం నువ్వా మాట అనొద్దు. అన్నావంటే జైలే. ఇవాళ మాస్టారు సెప్పినారు."

"నీ మాస్టారికేటి తెల్సే? ఓనరుగోరు నా సేతిలో సెయ్యేసి సెప్పినారు. నువ్వు తువ్వాలెయ్యి కన్నబాబూ, నానెత్తుతాను అన్నారు."

"అది కోర్టన్నా! మన పెద్దల కూటం కాదు."

"ఎక్కడైతే ఏటి? మాట మాటే గదా. ఇన్నేళ్లబట్టి మన పడవల సరుకు కొంతన్నాడు, మన పద్దతి ఆయనకి తెల్దా?"

తెలుసు. నూకాలుకి కడుపు మండింది అందుకే. తెలియక చేస్తే పోనీలే అనుకోవచ్చు. తెలిసి, ఆ పద్ధతినే ఉరితాడులా పేని, ఈ అమాయకుడి మెడకి వేస్తున్నాడు. ఎంత మొత్తుకున్నా కన్నబాబు వినలేదు. చేతిలో చెయ్యేసినవాణ్ణి అనుమానించడం అతనికి రాదు.

సోమవారం కోర్టు కిటకిటలాడిపోయింది. ఇద్దరు ముద్దాయిలకీ వకీలు ఒక్కడే, ఓనరు పెట్టినవాడు. కన్నబాబు బెయిలుకి జామీను ఇచ్చిందీ ఓనరు మనుషులే. మేజిస్ట్రేటుగారు అభియోగం చదివించి, "ఏమంటావు?" అని అడిగించారు.

కన్నబాబు భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. అచ్యుతరామయ్య బూట్ల ముందు పరిచి, చేతులు జోడించాడు. "తప్పు నాదే బాబూ" అన్నాడు.

అని, ఎదురుచూశాడు.

అచ్యుతరామయ్య పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాడు. బంట్రోతు వచ్చి, "ఆ గుడ్డేటిరా, తియ్" అని కసిరాడు. వకీలు అప్పుడే లేచి, తన క్లయింటు అచ్యుతరామయ్యకి ఈ వ్యవహారమేదీ తెలియదని అందుకున్నాడు. మేజిస్ట్రేటుగారు కలం తీశారు.

"అన్నా! ఆయన ఎత్తలేదు!" నూకాలు గుంపులోంచి అరిచింది. "సూడు, ఎత్తలేదు!"

సైలెన్స్ అని బంట్రోతు గర్జించాడు. కన్నబాబు మాత్రం ఓనరు మొహంలోకే చూస్తున్నాడు. "బాబూ, తువ్వాలు" అన్నాడు మెల్లగా.

అచ్యుతరామయ్య మొహం చిట్లించి వకీలు వైపు వంగాడు. "ఈ మనిషేమిటండీ, నాతో ఏదో అంటున్నాడు?"

కన్నబాబు తనే వంగి తువ్వాలు ఎత్తి, భుజాన వేసుకున్నాడు. మేజిస్ట్రేటుగారి వైపు తిరిగాడు.

"అయ్యా, నా మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను. సరుకు కుళ్లిపోనాదని రెండుసార్లు సెప్పినాను. పైన మంచివి పరిసెయ్యమన్నది ఈ బాబే."

కోర్టులో గోల లేచింది. మేజిస్ట్రేటుగారు విసుక్కున్నారు. ఇది ఆటస్థలం కాదని కోప్పడ్డారు. అయినా మళ్లీ అడిగించి, కన్నబాబు మళ్లీ అదే చెబితే, ముద్దాయి నేరం ఒప్పుకోలేదని రాసి, విచారణకి వాయిదా వేశారు. నూకాలుకి ఊపిరి వచ్చింది.

ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు. భోజనాల వేళ దాటకముందే ఓనరు మనుషులు జామీను వెనక్కి తీసుకున్నారు. అప్పటికప్పుడు జామీను ఇవ్వడానికి జాలరిపేటలో పట్టా ఉన్న ఇల్లు ఎవరికుంది? అబద్ధం చెబితే జైలు, నిజం చెప్పినా జైలు! కుళ్లు సరుకు పైదేశానికి ఎగుమతి చేసినవాడు కారులో ఇంటికి, వద్దన్నవాడు పోలీసు వ్యానులో జైలుకి. ఇదేం న్యాయమని నూకాలు కోర్టు మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేలా అడిగింది. నల్లకోట్లు పక్కనుంచి దిగిపోయాయి. ఒక్కళ్లూ ఆగలేదు.

కానిస్టేబులు కన్నబాబు రెక్క పట్టుకుని వ్యాను దగ్గరికి నడిపించాడు. కన్నబాబు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. అవతల అచ్యుతరామయ్య కారు ఎక్కుతున్నాడు. పేటలో ఎన్ని తగువులొచ్చినా ఏ చిన్నవాడి నోటా రాని మాట, కన్నబాబు ఆవరణంతా వినపడేలా అన్నాడు.

"తప్పు నాది కాదు బాబూ. నీది."