భువన వెంట వచ్చిన కిటికీ

తొండియార్‌పేట అనాథ బాలికల హోమ్‌లో పద్దెనిమిదేళ్లు నిండబోయే పిల్లలకు వార్డెన్ వాసవాంబ ప్రతి శనివారం పాఠం చెప్పేది. నలభై మందికి వండటం తెలిసిన పిల్లలచేత ఒక్కరికి సరిపడా అన్నం వండించేది, బ్యాంకు ఫారం నింపించేది, తాళం వేయించి తీయించేది. వాళ్లలో ఎవరూ అంతకుముందు తాళంచెవి పట్టుకున్నవాళ్లు కారు.

అన్నిట్లో భువనేశ్వరే ముందు. ఆరేళ్లప్పుడు వచ్చి, పన్నెండేళ్లు మేడమీద తూర్పు కిటికీ కిందే పడుకుంది. అందులోంచి హార్బరు క్రేన్లు, వాటి వెనక చారెడు సముద్రం కనిపించేవి.

తొంభై నాలుగులో ఆమెకు పెరంబూరులో బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికింది. దగ్గర్లోనే పంకజమ్మ ఇంట్లో అద్దెకు గది. నాలుగు గోడలు, ఒక తలుపు, అంతే. నేర్చుకున్నదేదీ తప్పు పోలేదు. కానీ పక్కన ఎవరి ఊపిరీ వినపడని గదిలో ఎట్లా ఉండాలో ఆమెకు తెలియలేదు. వారానికే ముద్ద దిగడం మానేసింది. పంకజమ్మ జాలిపడి, ఎన్నూరులో తెలిసినవాళ్లింట్లో పనికి కుదిర్చింది. ఆ ఇంట్లోనే ఉండాలి, గేటు దాటాలంటే వాళ్లనడగాలి. అడిగి బతకడం భువనకు అలవాటే. ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున సంచీ సర్దుకుని తలెత్తేసరికి తూర్పు గోడకు కిటికీ ఉంది. హోమ్‌లోని అదే ఆకుపచ్చ రంగు, అవే ఊచలు. రెక్కలు తీసింది. క్రేన్లు, వాటి వెనక సముద్రం. ఉప్పుగాలి గదంతా నిండింది. రేవులోకి వస్తున్న ఓడ కూత వేస్తే గూట్లో గిన్నెలు సన్నగా వణికాయి. ఎండ మొహమంతా పరుచుకుంటుంటే భువన రెప్ప వేయకుండా నిలబడిపోయింది.

తీసుకుపోవడానికి వచ్చిన పంకజమ్మ గాలికి పైట సర్దుకుని, జల్లు కొట్టకుండా పైన రేకు వేయించాలంది. కాసేపటికి భువనను సాగనంపడానికి వాసవాంబ కూడా వచ్చింది. భువన వచ్చేసిన నాడే హోమ్‌లో ఇది లేకుండా పోయిందని, ఆ చోట గోడకు సున్నం కొట్టించేశామని చెప్పి, రెక్క ఊపి చూసి, బందులు గట్టిగానే ఉన్నాయంది.

"అమ్మా, ఇది ఎన్నూరుకి కూడా వస్తాదా?" అని వాసవాంబను అడిగింది భువన.

"ఆడికెట్లా వస్తాది? ఆడ వాళ్ల గోడలు, వాళ్ల కిటికీలు. నీ తాళంచెవి ఈ గదికే కదా."

బస్సుకు టైమవుతోందని పంకజమ్మ గుర్తుచేసింది. భువన సంచీ విప్పి, మడతపెట్టిన చీర తీసి ఊచకు ఆరేసింది.

"వాళ్లకి చెప్పేయండి పంకజమ్మా, నేను రానని. నాకు ఈడ ఇల్లుండాది."