గుమ్మం చూపిన వేషం

శుక్రవారం వచ్చిందంటే రెండు రాష్ట్రాల్లోనూ జనం నాగసతీష్ కోసం టీవీ ముందు కూర్చుంటారు. నాగసతీష్ అంటే చాలామందికి తెలియదు గానీ, జాంబో అల్లుడంటే తెలియనివాళ్ళు లేరు. ఒంటికి కారునలుపు రంగు, మూతికి అరచెయ్యంత ఎర్ర పెదాలు, నెత్తిన ఉంగరాల విగ్గు, మెడలో థర్మోకోలు ఎముకల దండ. ఎక్కడో ఆఫ్రికా నుంచి కోనసీమకి అల్లుడై వచ్చినవాడి కథ అది. మామగారు పాపం అల్లుడి మర్యాదల్లో ఏ లోటూ రానివ్వడు. వీడేమో పూతరేకులు కట్టిన కాగితంతో సహా నమిలేసి, అరిటాకు మడిచి మింగేసి, "హుబ్బా హుబ్బా" అంటూ అత్తగారి కేసి ఆకలిగా చూస్తాడు. అత్తగారు మంచం కిందకి దూరుతుంది. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. మనమూ నవ్వినవాళ్ళమే, దాచడమెందుకు.

నాగసతీష్‌ది ఓడలరేవు. వలలు లాగే ఇంట పుట్టి, ఎండలోనూ ఉప్పుగాలిలోనూ పెరిగినవాడు. పుట్టుకతోనే మంచి నలుపు. ఆ నలుపు టీవీకి చాలదని మేకప్ మనిషి దాని మీద ఇంకో రెండు పూతలు వేస్తాడు. మొదట్లో అతనికది విడ్డూరంగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

టీవీకి వచ్చిన ఈ ఆరేళ్ళలో అతను కోరుకున్నది ఒక్కటే. పదిమందిలో ఒకడిగా వచ్చి పోయే స్కిట్టు కాదు, తన ఒక్కడి పేరు మీద గంట సేపు షో. ఇన్నాళ్ళకి ఆ గంట చేతికందింది. శనివారం అమ్మవారి జాతర నాడు సొంత ఊళ్ళోనే షూటింగు. కాకపోతే డైరెక్టరు ఒక మెలిక పెట్టాడు. నాగసతీష్‌కి వేషం కట్టడం నేర్పిన గురువు స్టేజి ఎక్కి, తన చేతులతో శిష్యుడికి గజ్జెలు కట్టాలి. "కన్నీళ్ళు లేని గంట నడవదు సతీష్. ఆయన రాకపోతే చెప్పు, స్లాటు ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నాడు.

ఆ గురువే ముసలయ్య. ఎనభై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు జాతరల్లో వేషాలు కట్టే మేళం నడిపాడు. ఇప్పుడు కళ్ళజోడుని దారంతో చెవులకి కట్టుకుని, వాకిట్లో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నాడు. గురువారం పొద్దున్న నాగసతీష్ వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి సంగతి చెప్పాడు.

"వస్తాను గానీ, ఆ వేషం గుమ్మం చూపించేవా?" అన్నాడు ముసలయ్య వల మీంచి తలెత్తకుండానే.

నాగసతీష్‌కి నవ్వొచ్చింది. అది ముసలయ్య మేళంలో పాత కట్టుబాటు. ఊళ్ళో ఎవరి వేషం కడితే, జాతరకి ముందు వాళ్ళ గుమ్మం ఎదురుగా నిలబడి ఆడి చూపించాలి. ఇంటాయన "ఆయ్" అంటేనే ఆ వేషం జాతరలోకి వెళ్తుంది. కాదంటే అక్కడికక్కడే రంగు కడిగేసుకోవాలి. ఓ ఏడు మునసబుగారి వేషం కట్టి వెళితే ఆయన చేతికర్ర ఎత్తాడు, ఆ వేషం అంతటితో సరి. మనిషిని వెనకాల ఆడకూడదు, ఎదురుగా ఆడాలి అనేవాడు ముసలయ్య. మేళం పోయినా ఆ మాట మీద అతనికున్న గర్వం మాత్రం పోలేదు.

"గుమ్మం చూపడానికి ఆఫ్రికా దాకా వెళ్ళాలా ఏంటి మావయ్యా?"

"అంత దూరం ఎందుకురా? సాలమోను మేస్టారి మేడ మీద బెనాగారు లేరా?"

బెనాగారి పూర్తి పేరు క్వాబెనా. ఘనా దేశస్థులు. సముద్రంలో గొట్టాలు వేసే పనికి వచ్చిన ఇంజినీరు, ఏడాదిన్నర నుంచీ మేస్టారింట్లో అద్దెకుంటున్నారు. పొద్దున్నే సంచి పట్టుకుని రేవుకి వెళ్ళి, చేప మొప్పలు ఎత్తి చూసి మరీ బేరమాడతారు. తెలుగు నేర్చుకున్నది చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గరా, మేస్టారి దగ్గరా. అందుకని ఊళ్ళోవాళ్ళ కంటే రెండు 'అండీ'లు ఎక్కువే పలుకుతారు.

"ఇది టీవీ మావయ్యా," అన్నాడు నాగసతీష్. "ఎవరినో ఒకర్ని ఏదో ఒకటి అనకపోతే నవ్వెలా పుడుతుంది? నవ్వుకోడానిక్కూడా పర్మిషన్లంటే ఇంక ఆడేదేముంది? హైదరాబాదులో చదువుకునే ఆఫ్రికావాళ్ళు ఎవరో ఛానెలుకి ఉత్తరం రాసేరు. అప్పట్నుంచీ కింద ఓ లైను వేస్తున్నారు, పాత్రలు ఎవరినీ ఉద్దేశించినవి కావని. దాంతో గొడవ సద్దుమణిగింది."

"గొడవ లేదంటున్నావు కదా, అయితే బెనాగారూ ఏమీ అనరు. చూపించేసి రా. గజ్జెలు తీసి ఉంచుతాను."

ముసలయ్య ఒకసారి అన్నాడంటే ఇక కదలడు. గంట పోగొట్టుకోవడం ఇష్టం లేక నాగసతీష్ సరేనన్నాడు. అయినా ఇందులో కష్టమేముంది, పది నిమిషాల పని అనుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి రంగూ విగ్గూ ఎముకలూ అన్నీ తగిలించుకుని మేస్టారింటి ముందు నిలబడ్డాడు. డప్పు మోగింది. వీధి వీధంతా పోగైంది. బెనాగారు లుంగీ సర్దుకుంటూ మేడ దిగి వచ్చారు. సాలమోను మేస్టారు వాకిట్లో కుర్చీ వేసి, ఆయన్ని కూర్చోబెట్టి, ఆచారం ఏమిటో ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో చెప్పారు. ముసలయ్య అరుగు మీద చేరగిలబడ్డాడు.

నాగసతీష్ ఏమీ తగ్గించలేదు. గెంతాడు, గుండెలు బాదుకున్నాడు, అరిటాకు నమిలాడు, "హుబ్బా హుబ్బా" అంటూ ముందు వరసలో ఆడవాళ్ళ మీదకి దూకబోయాడు. వీధి ఘొల్లుమని నవ్వింది. బెనాగారు మాత్రం వేషం కేసి చూడటం లేదు, జనం కేసి చూస్తున్నారు. రోజూ ఆయనకి చందువా చేపలు ఏరి ఇచ్చే చిట్టెమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆవిడ కేసి కాసేపు చూశారు. తర్వాత ఆయనా నవ్వారు. చప్పట్లు కొట్టారు.

"ఆయ్ అండీ, చాలా బాగుందండీ," అన్నారు.

ఈలలు మోగాయి. ముసలయ్య తృప్తిగా తలాడించి, గజ్జెలకి కొత్త తాడు ఎక్కించాలంటూ ఇంటికి బయల్దేరాడు. నాగసతీష్ కోరుకున్నదంతా జరిగిపోయింది.

అయితే ఎదుటివాళ్ళ మొహం చదవడమే కదా అతని బతుకు. బెనాగారి నవ్వు అతనికి ఎక్కడో తగిలింది. అందరికంటే ఆలస్యంగా మొదలై, అందరికంటే ముందు ఆగిపోయిన నవ్వు. కళ్ళ దాకా వెళ్ళని నవ్వు. అలాంటి నవ్వు నవ్వేవాణ్ణి అతనికి బాగా తెలుసు. హైదరాబాదులో రిహార్సలు గదిలో తన రంగు మీద ఎవరు ఏ జోకు వేసినా, అందరితోపాటు తనూ నవ్వుతాడు చూడండి, అచ్చం అదే నవ్వు. ఆరేళ్ళుగా నవ్వుతున్నాడు. ఇంకొకరి మొహం మీద చూడటం ఇదే మొదలు.

నూతి దగ్గర రంగు కడుక్కుంటుంటే సిగ్గేసింది. ఆయ్ అన్నారుగా, ఇంకేం కావాలి అని తనకి తనే చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ ఆ మాట పలచబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మేస్టారింటికి వెళ్ళాడు. బెనాగారు మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నారు. మేస్టారు పక్కనే కొబ్బరి మొక్కకి నీళ్ళు పోస్తున్నారు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నిన్న మీకు నవ్వొచ్చిందా అండీ?"

"మీరు బాగా చేసేరండీ."

"నేను అడిగింది అది కాదండీ."

బెనాగారు బూటు తాడు బిగించి ముడేసుకున్నారు.

"సతీష్ గారూ, నేను ఇంకా ఎనిమిది నెలలు ఈ ఊళ్ళో ఉండాలండీ. రోజూ వీళ్ళ దగ్గరే చేపలు కొనుక్కోవాలి, వీళ్ళతోనే మాట్లాడుకోవాలి. వీధంతా నవ్వుతుంటే మధ్యలో కుర్చీ వేసి నన్ను అడిగేరు. ఆయ్ అనక ఇంకేమంటానండీ?" గొంతులో కోపం లేదు. బళ్ళో లెక్క విప్పి చెప్పినట్టు చెప్పారు. "వచ్చిన కొత్తలో అమలాపురం బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేదండీ. పిల్లలు నన్ను చూసి హుబ్బా హుబ్బా అని పారిపోయేవారు. అది ఏదో తెలుగు మాటనుకున్నాను. డిక్షనరీ కొని వెతికేనండీ."

నాగసతీష్‌కి గుర్తొచ్చింది. అది షూటింగుకి వెళ్తూ కారులో కూర్చుని తను ఐదు నిమిషాల్లో పుట్టించిన కూత. ఇంత మర్యాదస్థుడు దానికి అర్థం ఉంటుందనుకుని పుస్తకం తిరగేశాడు.

"క్షమించండి," అన్నాడు.

"షిఫ్టుకి టైమైందండీ, వెళ్ళొస్తాను," అని బెనాగారు అతని భుజం మీద చెయ్యేసి, తీసి, కంపెనీ జీపు కోసం రోడ్డు మీదకి నడిచారు.

నాగసతీష్ తిన్నగా ముసలయ్య ఇంటికి వెళ్ళాడు. అంతా విన్న సాలమోను మేస్టారు నీళ్ళ చెంబు అక్కడే పెట్టేసి, పిలవకుండానే వెంట వచ్చారు.

"నిన్నటి ఆయ్ చెల్లదు మావయ్యా," అన్నాడు నాగసతీష్. బెనాగారు అన్న మాటలన్నీ చెప్పాడు.

ముసలయ్యకి ఒళ్ళు మండిపోయింది. "నలభై ఏళ్ళు మేళం నడిపేనురా! గుమ్మంలో పదిమంది ఎదుట ఆయ్ అన్నాక చెల్లకపోవడమేంటి? ఇష్టం లేకపోతే లేదనాలి. మునసబుగారు లేదన్నారు. నేను మానుకోలేదా?"

"ముసలయ్యగారూ," అన్నారు సాలమోను మేస్టారు మెల్లిగా. "మా నాన్నగారు కూడా ఆయ్ అన్నారండీ."

ముసలయ్య ఆయన కేసి తిరిగాడు.

"మీరు పాలేరు వేషం కట్టేవారు కదండీ? ఒళ్ళంతా మసి పూసుకుని, నడుం వంచి, తలగుడ్డ చంకలో పెట్టుకుని, వణికే చేతుల్తో గంజి చెంబు ఎత్తి తాగేవారు. అది మా నాన్నగారే. మా పేటకొచ్చి మా గుమ్మం ముందే ఆడేరు. మీ వెనకాల ఊరంతా ఉంది, నాన్నగారు పనిచేసే కామందు కూడా ఉన్నారు. నాన్నగారు నవ్వి ఆయ్ అన్నారు. నాకప్పుడు పదేళ్ళు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదండీ. మర్నాటి నుంచీ నలుగురిలో గంజి తాగడం మానేసేరు. ఎంత ఆకలేసినా గట్టు అవతలికి వెళ్ళి, ఎవరూ చూడకుండా తాగొచ్చేవారు. పోయేదాకా అంతే."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం మేస్టారూ?" అన్నాడు ముసలయ్య.

"మీరు మంచివారండీ. జాతరైపోగానే మా ఇంటికి కొబ్బరికాయలూ బియ్యం పంపేవారు. మంచివారికి ఏమని చెప్తామండీ?"

ముసలయ్య చేతిలోని వల ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు.

"నా వేషాలన్నిట్లోకీ జనం ఎక్కువ నవ్వింది దానికే," అన్నాడు చివరికి. "చాకలి వీరన్న ఆయ్ అన్నాడు. పడవ సరంగు ఆయ్ అన్నాడు. మీ నాన్నగారు అన్నారు. ఎంతమంది గుమ్మాలు ఎక్కేను! లేదన్నది మునసబుగారు ఒక్కరే." కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "లేదనగలిగినాయన లేదన్నాడు. అంతే కదరా."

అప్పుడే నాగసతీష్ ఫోను మోగింది. డైరెక్టరు. గురువుతో కూడా మాట్లాడాలి, స్పీకరులో పెట్టమన్నాడు. వెనకాల రైటర్లూ మేకప్ వాళ్ళూ ఉన్న సందడి వినిపిస్తోంది.

"ఏం సతీష్, పెద్దాయన ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారండీ. నేనే ఒప్పుకోవట్లేదు. రేపు రంగు వేసుకోనండీ. జాంబో కట్టను."

"పొద్దున్నే ఏంటా జోకులు?"

"జోకు కాదండీ. మామగారి వేషం కడతాను. అల్లుడు మామూలుగానే ఉంటాడు, శుభ్రంగా తెలుగు మాట్లాడతాడు. వాడి రంగు చూసి హడిలిపోయే మామగారి మీద నవ్వుకుందాం. సాయంత్రానికల్లా రాసిచ్చేస్తానండీ."

"జాంబో లేకపోతే గంట లేదు," అన్నాడు డైరెక్టరు. అని, వెనకాలవాళ్ళకి వినపడేలా గొంతు పెంచాడు. "అయినా రంగు కడిగేసుకుంటే లోపల్నుంచి తెల్లగా వస్తావనుకున్నావురా? నువ్వు కడుక్కున్నా జాంబోవే కదరా!"

అవతల గదంతా ఘొల్లున నవ్వింది. అలవాటు కొద్దీ నాగసతీష్ గొంతులోకీ నవ్వు వచ్చేసింది, పెదాల దాకా వచ్చింది. ఆ గంట ఇంకా పూర్తిగా పోలేదని, ఇప్పుడు గనక వాళ్ళతో కలిసి నవ్వేస్తే అంతా సర్దుకుపోతుందని అతనికి తెలుసు. మేస్టారూ ముసలయ్యా అతని మొహమే చూస్తున్నారు.

అతను నవ్వలేదు.

ఫోనులో నవ్వు ఇంకొంచెం సాగింది. ఇటునుంచి తోడు రాకపోయేసరికి ఒక్కొక్కరిదే తగ్గి, ఆఖరికి గది మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"సతీష్? హలో... లైన్లో ఉన్నావా?"

"ఉన్నానండీ," అన్నాడు నాగసతీష్.