సన్యాసమ్మ వేలిగీతలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు. గానుగాట రోజుల్లో సన్యాసమ్మ పొద్దున్నే బెల్లం పొయ్యి ముందు కూర్చుని చెరుకు పిప్పి ఎగదోస్తూ ఉండేది. కాలు విరిగి సరిగా అతుక్కోని మనిషి, కూర్చుని చెయ్యగలిగిన పని అదొక్కటే. సొంతానికి ఎకరం చెరుకుతోట ఉంది. అదే ఆవిడకి తిండి పెట్టేది.

ఆ తోట గట్టు తగాదా చోడవరం కోర్టుకెక్కింది. కుంటుకుంటూ వాయిదాలకి ఎక్కడ తిరుగుతుంది పాపం? తన బదులు వేలిముద్ర వెయ్యడానికి చనిపోయిన మొగుడి తమ్ముడు పెదబాబుకి పవరు రాసిచ్చింది. కోర్టు పని వరకే రాస్తే సరిపోయేది. కాని దస్తావేజులు రాసే గణపతిరావుకి స్టాంపు కాయితం మీద ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"సగం కాయితం మిగిలిపోయిందమ్మా. అమ్మకం మాట కూడా రాసీమంటావా?"

"రాసీ బాబూ. నా మరిదే గదా, పరాయోడేటి?"

హవ్వ! కాయితం దండగవుతుందని తోట రాసిచ్చిన మనిషిని నేనింకెక్కడా చూళ్ళేదు.

పవరు రాసిన వాళ్ళందరికీ అయినట్టే ఆవిడ వేలిగీతలు అక్కడికక్కడే పెదబాబు ఎడమ బొటనవేలికి వెళ్ళిపోయాయి. ఆవిడ వేలు నున్నగా మిగిలింది. స్పర్శ మాత్రం ఇద్దరిదీ. అతను హోటల్లో వేడి గ్లాసు పట్టుకుంటే ఇక్కడ ఆవిడ వేలు చుర్రుమనేది. పవరు రద్దు చెయ్యాలన్నా ఆ గీతలే పడాలి, అంటే అతనే రావాలి. రమ్మంటే "తొందరేటి వొదినా" అని నవ్వేవాడు.

ఓ పూట సన్యాసమ్మ పొయ్యి ఎగదోస్తుంటే పక్కింటి మంగాయమ్మ రొప్పుతూ వచ్చింది. "ఒసే సన్నేసీ, నీ మరిది కోటపాడోళ్ళకి తోట అమ్మేస్తన్నాడట! ఇయ్యాలే రిజిస్ట్రీ అట!"

చోడవరం పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు సాయంత్రమే.

"నానేటి సేసేదే మంగా? అడుక్కు తినాలే నాను!"

అంతలో బొటనవేలికి చల్లగా, జిగటగా తగిలింది. సిరా. అక్కడ కచేరీలో ఎవరో పెదబాబు వేలు పట్టుకుని సిరాబిళ్ళ మీద దొర్లిస్తున్నారు. ఇక కాయితమే తరువాయి. ఆ భయంలో ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. ఉడుకుతున్న బెల్లం పెనంలో వేలు ముంచేసింది.

ఆవిడ కేకకి గానుగ ఎద్దులు నిలబడిపోయాయి. చోడవరంలో పెదబాబు కేకకి కచేరీ అంతా లేచి నిలబడింది. అతని వేలూ కాలి బొబ్బలెక్కింది. కాయితం మీద పడింది ఒట్టి నల్లమచ్చ. రిజిస్ట్రారు దస్తావేజు వెనక్కి ఇచ్చేశాడు.

సాయంత్రం పెదబాబు కాలిన వేలు ఊదుకుంటూ ఆవిడ ఇంటికి వచ్చాడు. సన్యాసమ్మ లోపల గడియ పెట్టుకుంది.

"ఎంత పని సేసేవు వొదినా! ఆ గీతలింక నీకూ లేవు, నాకూ లేవు. రేపు నీకు అవసరం పడ్డా ఆ తోట నువ్వూ అమ్ముకోలేవు. పవరూ రద్దు సేసుకోలేవు. తెలిసిందా?"

"అమ్మకపోతే మానె. ఎల్లిపోరా బాబూ," అంది.

బయట మాట ఆగింది. వెళ్ళిపోయాడనుకుని చెక్క గడియ మీద చెయ్యి వేసింది. కాలిన వేలికి ఇనుము చల్లగా తగిలింది. అది గడియ కాదు. అవతల వైపు అతని వేలు పట్టుకున్న తలుపు గొలుసు. చెయ్యి వెనక్కి తీసేసుకుంది. అయినా ఆ చల్లదనం వేలిని వదల్లేదు.