సన్న తీగలు

పాత తీగలు ఒక్కొక్కటే వదులు చెయ్యాలి. గిటారు మెడ మీద చెమట మరకలు మెత్తని గుడ్డతో తుడవాలి. లావు తీగ ముందు ఎక్కించాలి, సన్నది చివర. మిగిలిన కొసలు కత్తిరించాలి. కొత్త తీగని వేళ్లతో లాగి సాగదీయాలి, శ్రుతి చెయ్యాలి, మళ్లీ లాగాలి...

బాబాయి నిద్ర లేచేలోపు ఇదంతా అయిపోవాలి.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి గిటారు మీద వాలింది.

పిన్ని వేళ్లకి ఇనుము వాసన.

బాబాయి లిఫ్టులు బాగుచేసేవాడు. శని, ఆదివారాలు మాత్రం ఒక హోటల్ హాల్లో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. జబ్బు చేసింది. జబ్బు తగ్గింది — మందులు మాత్రం వేళ్ల చివర తిమ్మిరిని వదిలి వెళ్లాయి. చొక్కా గుండీ తగిలిందో లేదో తెలియనంత తిమ్మిరి. చెవుల మీద కూడా ప్రభావం ఉండొచ్చని డాక్టరుగారు అన్నారు.

ఉండొచ్చు అన్నారు. అంతే.

మళ్లీ ఆ హాల్లో కూర్చుంటేనే ఆయన కోలుకున్నట్టు. ఆ సంగతి పిన్నికి తెలుసు. అందుకే నన్ను తోడు తీసుకుని తీగల కొట్టుకి వెళ్లింది.

తీగల సెట్టుకి ఒక అంకె ఉంటుంది. అందులోని అన్నిటికన్నా సన్నని తీగ ఎంత లావో ఆ అంకె చెబుతుంది. బాబాయివి పదకొండు. బరువైనవి. ఎంత గట్టిగా నొక్కినా శ్రుతి చెదరనివి. ఎనిమిది వేసుకునేవాళ్లని చూస్తే ఆయనకి నవ్వు — "అవి తీగలా, గుండీలు కుట్టుకునే దారాలా?"

పిన్ని ఎనిమిది అడిగింది.

"వెన్నలా వంగుతాయమ్మా," అన్నాడు కొట్టాయన. "బరువు చేతికి మాత్రం నప్పవు. కాస్త గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది."

"ఇప్పుడు ఆయన చేతిలో బరువెక్కడిదిలెండి."

బాబాయి లేచాడు. జబ్బు చేసినప్పటి నుంచి తీగలు మార్చడం పిన్ని పనే కాబట్టి ఏమీ అడగలేదు. గిటారుని ఒళ్లోకి తీసుకుని, ఒకసారి మీటి మాత్రం ఆగాడు.

"పలుకు పలచబడిందేంటే?"

"కొత్తవి కదండీ," అంది పిన్ని, వంటింట్లోంచి.

హాయిగా వాయించాక చెబుదాంలే అనుకుంది. అప్పుడైతే ఇద్దరం నవ్వుకోవచ్చు అనుకుంది.

శ్రుతి చూసే మీటరు పచ్చదీపం వెలిగించింది. ఏ తీగనీ నొక్కకుండా మీటితే ఆరింటికీ పచ్చదీపమే. బాబాయి ఎడమచేతి వేళ్లు బిగించి, నాలుగైదు స్వరాలు ఒకేసారి పలికేలా ఒక కార్డ్ పట్టాడు.

శ్రుతి తప్పి, పులిసినట్టు పలికింది.

మళ్లీ శ్రుతి. మళ్లీ పచ్చదీపం.

మళ్లీ పులుపే.

చాలాసేపటికి అరచేత్తో చెవి మూసుకుని కూర్చున్నాడు. "చెవి కూడా పోయిందే," అన్నాడు. నెమ్మదిగా అన్నాడు, ఎవరి వస్తువో పోయినట్టు.

ఆ సాయంత్రమే హోటల్లో తనతో వాయించే డ్రమ్ములాయనకి ఫోన్ చేశాడు. ఆయన్ని అందరూ ఉరుము అంటారు. "నా కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యి, ఉరుమూ."

"పోరా. సగం చెవుడుతో నేను ఇన్నేళ్లు నెట్టుకురాలేదా?"

బాబాయి నవ్వలేదు.

గిటారు పెట్టెలోకి వెళ్లింది. చెవి పోబట్టే వాయింపూ తప్పుతోందని పిన్నీ నమ్మింది. డాక్టరుగారు ముందే అన్నారు కదా...

వానలు వచ్చి వెళ్లాయి.

ఒకరోజు బాబాయి "అమ్మెయ్" అన్నాడు. పిన్ని గిటారుని అదే కొట్టుకి మోసుకెళ్లింది. కొట్టాయన వాయించి చూశాడు. నీళ్లు జారినట్టు పలికింది. మచ్చ లేకుండా పలికింది.

"ఒక్కసారి గట్టిగా నొక్కండి," అంది పిన్ని.

నొక్కాడు.

అదే పులుపు.

పిన్నికి టీ గ్లాసు గుర్తొచ్చింది. పొద్దున్నే బాబాయి గ్లాసు పట్టుకునే తీరు — కణుపులు తెల్లబడేలా, జారిపోతుందేమో అన్నట్టు. తిమ్మిరెక్కిన చెయ్యి మెత్తబడలేదు. తగిలిందో లేదో తెలియక ఇంకా బిగిసింది.

గిటారు అమ్మలేదు. ఇంటికొచ్చి అంతా చెప్పింది. ఏ అంకె తీసిందో, ఏ అంకె వేసిందో, ఎందుకు వేసిందో.

బాబాయి శ్రద్ధగా విన్నాడు. "నన్ను ఓదార్చడానికి ఎంత కథ అల్లావే."

"కథ కాదండీ. కావాలంటే పట్టుకుని చూడండి."

ఆయన తీగ మీద వేలు పెట్టాడు. కంటికి ఆనే తేడా కాదది. ఆ వేలికి ఎనిమిదీ పదకొండూ ఒక్కటే.

"నాకు తెలియకుండా తీగల అంకె మార్చే మనిషివా నువ్వు?" అన్నాడు.

ప్రేమగానే అన్నాడు.

పిన్ని మళ్లీ పదకొండు ఎక్కించింది. గిటారుని ఆయన కుర్చీ పక్కనే నిలబెట్టింది. వాయించమని అడగదు. దుమ్ము మాత్రం తుడుస్తుంది... ఆయన ఇంకా ముట్టుకోలేదు.

మీరెప్పుడైనా తీగల కొట్టులో నిలబడి, ఇంకొకరి వేళ్ల కోసం ఒక అంకె ఎంచుకోవాల్సి వస్తే — మా పిన్నిని ఒక్కసారి తలుచుకోండి.