కట్టని కల్లంలో తువ్వాల

తెర మీద కల్లంలో నడుస్తున్న బొమ్మ మనిషిని, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దొర్లుకుంటూ వచ్చి తొక్కేసి పోయింది.

"ఓర్నీ! సచ్చిండా?" లస్మవ్వ కుర్చీలోంచి లేచింది.

మౌస్ పట్టుకున్న సుస్మిత గబుక్కున బొమ్మను ఆపేసింది. ఆర్మూర్ పసుపు రైతుల సంఘం కట్టబోయే షెడ్డు, దాని ముందు అందరూ పసుపు ఆరబోసుకునే కల్లం, ఈ త్రీడీ నమూనా అంతా ఆమె చేసిందే. సొంత ఊళ్లో మొదటి పని. ఈ పూట సంఘం సరేనంటేనే అది ఆమెకు దక్కేది.

"డ్రమ్మే నిలవకపాయె. గిదేం షెడ్డు బిడ్డా?" అన్నాడు లింగన్న. "హైదరాబాద్ కంపెనీకే ఇద్దాం."

"జర ఆగరాదు లింగన్నా! పిల్ల చూస్తున్నది గదా," అన్నాడు సంఘం అధ్యక్షుడు గంగాధర్. ఆయన నోట ఆగమనే మాట రావడమే వింత.

సుస్మిత లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని స్క్రిప్టులు తెరిచింది. నిన్న ఇదే గదిలో వాటిని పెట్టే విద్య సంఘం పెద్దలు ముగ్గురికీ చూపించింది. ఒక చోటు గుర్తు పెట్టాలి, బొమ్మ అక్కడికి రాగానే ఏం జరగాలో ఎంచుకోవాలి. ఆమె పెట్టింది షెడ్డు తలుపు తెరుచుకునే స్క్రిప్టు ఒక్కటే. ఇప్పుడు ఇంకొకటి కూడా ఉంది. కల్లం తూర్పు మూలన అడుగు పడితే చాలు, ఆమె ఇదివరకే చేసి ఉంచిన, లారీ నుంచి డ్రమ్ము దించి దొర్లించే యానిమేషన్ మొదలవుతుంది.

ఆ మూలను దగ్గరికి లాగి చూసింది. నేల మీద పచ్చ తువ్వాల! గట్టున ఆమె నిలబెట్టిన రైతు బొమ్మ భుజం బోసిగా ఉంది.

సుస్మితకు నవ్వాగలేదు. రాశి పోసే చోట ముందే తువ్వాల పరిచి జాగా పట్టుకోవడం ఊళ్లో అలవాటే. పరిచిన తువ్వాలను ఎవరూ తొక్కరు. కానీ ఇంకా కట్టని కల్లంలో జాగా పట్టిన ఘనుడెవరు?

తువ్వాల ఊసెత్తకుండా దాన్ని కనబడకుండా చేసింది. స్క్రిప్టులన్నీ ఆపేసి తెర అందరి వైపు తిప్పింది.

"సరి చేసిన. ఒక్కొక్కరు తూర్పు గట్టు దాకా నడిపియ్యిండ్రి."

లింగన్న బొమ్మ ఆ మూల మీదుగా నేరుగా పోయి గట్టుకు గుద్దుకుంది. లస్మవ్వ బొమ్మ వెనక్కి నడిచినా, చివరికి ఆ మూల తొక్కుకుంటూనే చేరింది. గంగాధర్ బొమ్మ మాత్రం మూల దాకా చక్కగా వెళ్లి, ఉత్త నేల చుట్టూ అర్ధచంద్రం తిరిగింది.

"గక్కడ గుంత ఉన్నదా అన్నా, సుట్టు తిరిగి పోతున్నవ్?" అన్నాడు లింగన్న.

"తువ్వాల ఎట్ల తొక్కాలె?" అన్నాడు గంగాధర్.

లింగన్న తెర మీదికి వంగి వెతికాడు.

"ఏ తువ్వాల కాకా?" అంది సుస్మిత మెల్లగా.

గంగాధర్ మౌస్ వదిలేసి మీసం తడుముకున్నాడు.

"నేనే పెట్టిన బిడ్డా. నిన్న నువ్వు చాయ్‌కి పోంగనే, బొమ్మ తువ్వాల తీసి ఆడ పరిచిన, దాన్ని తొక్కినోని మీదికి డ్రమ్ము వచ్చేటట్టు పెట్టిన. పొద్దుగాల ఎండ ముందు గా మూలకే పడ్తది. కల్లం కట్టినంక గీ లింగన్న నాకంటే ముందు తువ్వాల ఏస్తడని నాకెర్కే. నీ డిజైన్‌ల తప్పేం లేదు, తప్పు నాదే. షెడ్డు నువ్వే కట్టియ్యి, ఇప్పుడే సంతకం పెడ్త. గా తువ్వాల మాత్రం మళ్లా ఏడున్నదాడనే పరిచెయ్యి."