కొండెక్కిన అనంతలక్ష్మి

దీపాలు కొండెక్కుతాయి, ధరలు కొండెక్కుతాయి, అనంతలక్ష్మి మాత్రం యాభై దాటినా ఒక్క కొండా ఎక్కలేదు. తిరుమలకి వెళ్ళినప్పుడల్లా అలిపిరి దగ్గర మొగుడు శేషాచలం ఆవిణ్ణి సూట్‌కేసులతో పాటు బస్సెక్కించి, పక్కనే తనూ కూర్చునేవాడు. ఆయన పేరులో ఉన్నది అచలం, మనిషి అంతకన్నా అచలం. నడిచి రాలేదేమని ఎవరైనా అడిగితే "మా ఆవిడకి మోకాళ్ళండీ" అనేవాడు, తనకవి లేనట్టు.

అందుకే కూతురు శ్రీలేఖ, ఈద్ సెలవులకి వీపున సంచులేసుకుని చైనా వెళ్దాం, పాత రాజధాని షియాన్ చూసి పక్కనున్న హువాషాన్ కొండెక్కుదాం అన్నప్పుడు, అనంతలక్ష్మి ఒకటే మాట అంది.

"నా కాళ్ళతో ఎక్కుతాను. లేదంటే రాను."

వాళ్ళుండే దోహాలో ఎత్తంటే ఫ్లైఓవరే. చదునైన ఆ ఊళ్ళో సాధనకి ఆవిడకి దొరికింది ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో తాముండే భవనం మెట్లు. పై అంతస్తు దాకా ఎక్కేది, లిఫ్టులో దిగేది, మళ్ళీ ఎక్కేది. ఎక్కాల్సింది కొండ కదా, దిగడం ప్రాక్టీసెందుకు?

"ఏందమ్మా, లిఫ్ట్ ఖరాబైందా?" అన్నాడు వాచ్‌మన్ నర్సింగ్. జగిత్యాల మనిషి.

"లేదు నర్సింగ్. చైనాలో కొండెక్కాలి."

"మా ఊర్ల గుట్ట ఎక్కలేకనే నేను దుబాయ్ వచ్చిన!"

"ఇది ఖతర్ కదయ్యా."

"మా అవ్వకు అంత దుబాయేనమ్మా. యల్లా, ఎక్కుండ్రి!"

షియాన్‌లో కోటగోడ మీద తల్లీకూతుళ్ళు సైకిళ్ళు తొక్కారు. శేషాచలం గోడ కింద నీడకి కాపలా కాశాడు. ముస్లిముల వీధిలో ఎటు చూసినా మాంసం చువ్వలే. అనంతలక్ష్మి ఒక రొట్టెల దుకాణం ముసలాయనకి దోహా అలవాటుతో "అస్సలాము అలైకుం" అంది. ఆయన కళ్ళు పెద్దవి చేసి, నోరారా బదులు చెప్పి, చేసైగలు అర్థం చేసుకుని, మాంసం లేని రొట్టెలు ఏరి మరీ పెట్టాడు.

"చైనాలో కూడా నీకు చుట్టాలేనా!" అన్నాడు శేషాచలం, రెండో రొట్టె అందుకుంటూ.

మర్నాడు కొండ దగ్గర ఆయన బెట్టు చేశాడు.

"కేబుల్ కారుండగా కాళ్ళకెందుకే ఈ కారాగారం?"

"మీరు కార్లో రండి. నేను కాళ్ళతో వస్తా."

నిట్టనిలువు రాతిమెట్లు. రెండు పక్కలా ఇనుప గొలుసులు, గొలుసుల నిండా ఎర్ర రిబ్బన్లు. ఊపిరందనప్పుడు ఆగుతూ, అందినప్పుడు సాగుతూ అనంతలక్ష్మి, శ్రీలేఖతో పాటు ఉత్తర శిఖరం చేరేసరికి శేషాచలం చల్లగా కూర్చుని పల్లీలు నములుతున్నాడు.

"వచ్చావా! ఫోటో తీసుకో, దిగిపోదాం."

"ఇది చిన్నదండీ. అన్నిటికన్నా ఎత్తు దక్షిణ శిఖరం. అక్కడికి."

పులిహోర డబ్బా ఆవిడ సంచిలో ఉంది. శేషాచలం లేచి వెంట నడవక తప్పలేదు.

కత్తి అంచులాంటి గట్టు దాటారు. ఆ తర్వాత, రెండు శిఖరాల నడుమ, దారి ఒక్కసారిగా కిందికి పడింది. రాతిలో చెక్కిన ఇరుకు మెట్లు, అటు లోయ, ఇటు గొలుసు. అనంతలక్ష్మి ఒక్క మెట్టు దిగింది. రెండోది దిగలేకపోయింది. ఇన్నాళ్ళూ లిఫ్టులో దిగిన కాళ్ళకి దిగడమే రాదని అప్పుడు తెలిసింది. వెనక జనం ఆగిపోయారు.

"నే చెప్పలా? నీ మోకాళ్ళు..." మొదలెట్టాడు శేషాచలం.

"అమ్మా, వెనక్కెళ్ళిపోదామా?" అంది శ్రీలేఖ మెల్లిగా.

అనంతలక్ష్మి లోయని చూసింది. లోయని చూడటమే తప్పనిపించింది. పుట్టింటి అటక మీంచి ఊరగాయ జాడీలతో ఎన్నిసార్లు దిగలేదు! నిచ్చెన దిగేవాళ్ళెవరైనా ఎదురుగా గాలిని చూస్తూ దిగుతారా? ఆవిడ గిర్రున తిరిగింది. మొహం కొండకి, వీపు లోయకి. రెండు చేతులా గొలుసు పట్టుకుని, పాదంతో కింది మెట్టు తడిమి, బరువు మోపింది. నిలిచింది. ఇంకోటి. ఇంకోటి. అడుక్కి చేరి తల ఎత్తింది.

పైన శేషాచలం గొలుసుని కావిలించుకుని ఉన్నాడు.

"ఒసే లక్ష్మీ, ఎలా దిగావే? నా మోకాళ్ళు ఆడటం లేదు!"

"మీకూ ఉన్నాయా అవి?" అని ఆవిడ కిందనుంచి అరిచింది. "వెనక్కి తిరగండి! కిందికి చూడకండి! నేను చెప్పినచోట కాలెయ్యండి. కుడి... ఇంకాస్త కుడి... ఆఁ!"

ఆయన్ని అలా మెట్టు మెట్టుగా దించుకుని, మళ్ళీ మెట్టు మెట్టుగా ఎక్కించుకుంటూ పోయింది.

దక్షిణ శిఖరం మీద ఇంకెక్కడానికేమీ మిగల్లేదు. మిగతా శిఖరాలన్నీ ఆవిడ పాదాలకన్నా కిందే ఉన్నాయి. అనంతలక్ష్మి గుండె నిండా గాలి పీల్చి, కొంగు బిగించి, గొంతెత్తింది.

"గోవిందా!"

దోహా ఆఫీసుల్లో మనవాళ్ళు ఆ మాటంటే పని పోయిందని అర్థం. ఇక్కడ పని అయిందని అర్థం. ఫోటోల కోసం వరసలో నిలబడ్డ చైనా కుర్రకారు ఒక్క క్షణం ఆవిణ్ణి వింతగా చూసి, ఏమనుకున్నారో ఏమో, చేతులు పైకెత్తి ఒక్క గొంతుతో తిరిగి అరిచారు.

"గోవిందా!"

అనంతలక్ష్మి మళ్ళీ పిలిచింది. ఈసారి ఇంకా గట్టిగా.